మామిడి సీజన్‌లో చెదిరిపోయిన యాక్సెస్ ఫారం: ఒక కేస్ స్టడీ

"అన్నా, కొత్త కంప్యూటర్లు వచ్చినప్పటి నుంచి ఫారమంతా చెదిరిపోయింది, కొంచెం చూడన్నా." చిత్తూరు నుంచి ఒక అకౌంట్స్ కుర్రాడు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇది. తిరుపతిలో కూర్చుని యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం) పనులు చేసేవాళ్ళకి ఇలాంటివి కొత్త కాదు. నెలకి ఒకటైనా వస్తుంది, ఎక్కువసార్లు ఫోన్‌లోనే తేలిపోతుంది. దీన్ని విడిగా రాయడానికి కారణం ఉంది. వాళ్ళు చెప్పింది ఒకటే సమస్య, లోపల ఉన్నవి మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదారు సమస్యలు, వాటిలో రెండు అసలు లేఅవుట్ సమస్యలే కావు.

చిత్తూరు నుంచి పలమనేరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న మామిడి పల్ప్ ఫ్యాక్టరీ అది, పేరు ఇక్కడ అనవసరం. జూన్, జూలై వచ్చిందంటే తోతాపురి లోడ్లు గేటు బయట బారులు తీరతాయి. ట్రాక్టర్ కాటా మీదికి ఎక్కగానే లోడు బరువు, కాయ దించి తిరిగొచ్చాక ఖాళీ బరువు, రెండింటి తేడా నికర బరువు. దాంతో పాటు టోకెన్ నంబరు, బండి నంబరు, రైతు పేరు, ఊరు, మండలం, కాయ రకం ఇవన్నీ ఒకే ఫారంలో కొట్టి చీటీ ప్రింట్ తీసి చేతికిస్తారు. ఆ ఫారం ఒక్క పది నిమిషాలు మొరాయిస్తే చాలు, కిటికీ దగ్గర "ఏంది సామీ ఇంకా ఎంతసేపు" అని గొడవ మొదలవుతుంది.

ఫైల్ యాక్సెస్ 2010లో ఎవరో పాత డెవలపర్ చేసిపెట్టినది. డేటా ఫైల్ ఆఫీసులో షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉంటుంది, ఫారాలున్న ఫైల్ కాపీ ప్రతి మెషీన్‌లో విడిగా ఉంటుంది, అంతవరకు పద్ధతి బాగానే ఉంది. పాత కంప్యూటర్లన్నీ విండోస్ 7 వి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది, యాక్సెస్ 2010కి అదే ఏడాది అక్టోబర్‌లో ఆగిపోయింది. ఈ సీజన్‌కి ముందు యజమాని ధైర్యం చేసి మూడు కొత్త మెషీన్లు కొన్నాడు: కాటా రూమ్‌కి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్, అకౌంట్స్‌కి 24 అంగుళాల మానిటర్‌తో డెస్క్‌టాప్, మేనేజర్‌కి 14 అంగుళాల ల్యాప్‌టాప్. మూడింటిలోనూ విండోస్ 11, కొత్త యాక్సెస్. స్టోర్ రూమ్‌లో మాత్రం పాత విండోస్ 7 మెషీన్ ఒకటి అలాగే ఉండిపోయింది.

మూడు మెషీన్లలోనూ స్క్రీన్ 1920×1080. ఈ ఒక్క సంఖ్య చూసే అందరూ తప్పుదారి పట్టారు. స్క్రీన్ అన్నిట్లోనూ ఒకటే అయినప్పుడు ఫారం ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తోందంటే ఫైలే పాడయిందని కంప్యూటర్లు అమ్మిన మనిషి తేల్చేశాడట. కాంపాక్ట్ అండ్ రిపేర్ కొట్టాడు. ఏమీ మారలేదు. మారదు కూడా, అది డేటాబేస్ ఫైల్ లోపలి చెత్తని ఊడ్చే పని, బటన్ ఎక్కడ కనిపించాలో దానికి పట్టదు. ఆ తర్వాత అతను కాటా రూమ్ కాపీని డిజైన్ వ్యూలో (ఫారం రూపాన్ని మార్చే చోట) తెరిచి బాక్సుల్ని చేత్తో జరపడం మొదలుపెట్టాడు, అక్కడి నుంచి అసలు కష్టాలు మొదలయ్యాయి.

నా దగ్గరికి వచ్చేసరికి ఫిర్యాదులు ఇలా ఉన్నాయి. కాటా రూమ్‌లో తెలుగు అక్షరాల కింది భాగం తెగిపోతోంది. మేనేజర్ ల్యాప్‌టాప్‌లో అడుగున ఉండాల్సిన సేవ్, ప్రింట్ బటన్లు కనిపించడం లేదు. అకౌంట్స్‌లో ఫారం తెరిస్తే పైన హెడింగ్ వస్తోంది, కింద అంతా తెల్లగా ఖాళీ, కానీ రోజూ కాదు, "పొద్దున పూట ఖాళీగా ఉంటుంది, మధ్యాహ్నానికి దానంతట అదే బాగవుతుందన్నా." ఇంకా బ్రిక్స్ (కాయలో తీపి కొలత) అనే బాక్సు ఉండకూడని చోట కూడా వస్తోంది. చెల్లింపుల ఫారంలో రిమార్క్స్ బాక్సు మాయమైంది. బాకీ ఉన్న రైతుల లిస్టులో ఒక్కరి వరుస ఎర్రగా మారాల్సింది, లిస్టంతా ఎర్రబడుతోంది.

ఇలాంటి సమయంలో డిజైన్ వ్యూ తెరవాలని చెయ్యి దురద పెడుతుంది. తెరవకూడదు. ఏ లోపం మెషీన్‌ది, ఏది ఫైల్‌ది, ఏది డేటాది అని విడదీసే వరకు ఒక్క కంట్రోల్ (ఫారం మీది బాక్సు, బటన్ లాంటిది) కూడా కదపకూడదు, ఎందుకంటే కదిపిన మరుక్షణం నుంచి మీ దగ్గర రెండు సమస్యలు ఉంటాయి, పాతదొకటి, మీరు చేసిందొకటి. విడదీయడానికి నేను వాడే పద్ధతి మొరటుదే కానీ పని చేస్తుంది. ఎవరూ ముట్టని పాత కాపీ ఒకటి సంపాదించి, అదే కాపీని అన్ని మెషీన్లలో తెరిచి చూడాలి. ఒకే కాపీ ఒక మెషీన్‌లో బాగుండి ఇంకోదాంట్లో బాగాలేకపోతే అది మెషీన్ వైపు సంగతి. అన్నిట్లోనూ ఒకేలా చెడి కనిపిస్తే ఫైల్ సంగతి. ఒకే మెషీన్‌లో ఒక పూట బాగుండి ఇంకో పూట బాగాలేకపోతే డేటానో, కోడ్ నడవకపోవడమో చూడాలి. అదృష్టం కొద్దీ స్టోర్ రూమ్ మెషీన్‌లో ముట్టని కాపీ ఉంది.

ఇంకో జాగ్రత్త. దూరం నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయి చూస్తే వాళ్ళ స్కేలింగ్ (స్క్రీన్ మీద అన్నిటినీ ఎంత శాతం పెద్దవి చేసి చూపించాలనే సెట్టింగ్) కాకుండా సాధారణంగా మన మెషీన్ స్కేలింగ్ వస్తుంది, దాంతో సమస్య మాయమైనట్టు కనిపిస్తుంది. ఎనీడెస్క్ లాంటిది వాళ్ళ స్క్రీన్‌నే చూపిస్తుంది, కానీ కుదించి చూపిస్తుంది కాబట్టి కొలతలు కంటికి అందవు. అందుకే స్క్రీన్‌షాట్ వద్దని, మానిటర్ నాలుగు అంచులూ టాస్క్‌బార్‌తో సహా పడేలా ఫోన్‌తో ఫోటో తీసి పంపమన్నాను, దాంతో పాటు డిస్‌ప్లే సెట్టింగ్స్ పేజీ ఫోటో కూడా. ఆ రెండో ఫోటోలోనే సగం కథ బయటపడింది: డెస్క్‌టాప్‌లో స్కేలింగ్ 100 శాతం, కాటా రూమ్‌లో 125, మేనేజర్ దగ్గర 150.

కనిపించని బటన్లు

యాక్సెస్ తన కొలతలన్నీ ట్విప్పుల్లో దాచుకుంటుంది, అంగుళానికి 1440 ట్విప్పులు. పిక్సెల్ లెక్క తర్వాత వస్తుంది. స్కేలింగ్ 100 శాతం ఉంటే అంగుళానికి 96 పిక్సెళ్ళు, అంటే ఒక్కో పిక్సెల్‌కి 15 ట్విప్పులు. 125 శాతంలో పిక్సెల్‌కి 12, 150లో 10. ఫారంలో రాసుకున్న అంగుళాలు మారవు, స్క్రీన్‌లో పట్టే అంగుళాలు మారతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. పాత మెషీన్ 1366×768, స్కేలింగ్ 100. విండోస్ 7 టాస్క్‌బార్‌కి 40 పిక్సెళ్ళు పోతే మిగిలేది 728, అంటే 7.58 అంగుళాల ఎత్తు. మేనేజర్ కొత్త ల్యాప్‌టాప్‌లో 1080 పిక్సెళ్ళున్నా 150 శాతంలో టాస్క్‌బార్‌కి 72 పోయి మిగిలేది 1008, దాన్ని అంగుళానికి 144 చొప్పున భాగిస్తే సరిగ్గా 7 అంగుళాలు. అంటే లక్ష రూపాయల దాకా పెట్టి కొన్న కొత్త స్క్రీన్‌లో పాత డొక్కు మానిటర్ కంటే చోటు తక్కువ! ఈ మాట మేనేజర్‌కి చెప్తే నమ్మలేదు, కాలిక్యులేటర్ తీసి తనే చేసుకుని చూశాడు.

ఫారం సంగతికొస్తే హెడర్ (పైన హెడింగ్ ఉండే భాగం) 0.9 అంగుళాలు, డీటెయిల్ సెక్షన్ (రికార్డు బాక్సులుండే భాగం) 6.2, మొత్తం 7.1, దాని మీద టైటిల్ బార్ అదనం. పాత స్క్రీన్‌లో పట్టింది, మేనేజర్ స్క్రీన్‌లో పట్టదు. కాటా రూమ్‌లో 125 శాతానికి ఎనిమిదిన్నర అంగుళాలు దొరుకుతాయి కాబట్టి అక్కడ ఈ గొడవ రాలేదు. పైగా ఆ ఫారానికి పాపప్ ఎస్ అని పెట్టి, బోర్డర్ స్టైల్ డైలాగ్ అని పెట్టి, స్క్రోల్ బార్స్ నైదర్ అని పెట్టారు. ఈ మూడూ కలిస్తే వాడేవాడికి దారి మూసేసినట్టే: అంచు పట్టుకుని లాగలేడు, కిందికి జరపలేడు, బటన్లు అక్కడే ఉంటాయి కానీ చేతికి అందవు.

సులభమైన మందు మేనేజర్ స్కేలింగ్‌ని 125కి దించడం. దించి చూపించాను కూడా. "నాకు కళ్ళద్దాలు పెట్టుకున్నా అక్షరాలు కనపడవు" అన్నాడు, ఆయన వయసుకి అది న్యాయమే. మనిషి కంటికి సరిపడేలా స్కేలింగ్ పెట్టుకుంటాడు, దానికి తగ్గట్టు ఫారమే ఉండాలి. అందుకని ఫారంలో అరుదుగా వాడే అయిదు బాక్సుల్ని రెండో ట్యాబ్‌లోకి పంపించి డీటెయిల్ ఎత్తుని 5 అంగుళాలకి తెచ్చాను, స్క్రోల్ బార్స్‌ని వర్టికల్ ఓన్లీకి మార్చాను, ఆటో రీసైజ్, ఆటో సెంటర్ రెండూ ఎస్. ఇప్పుడు ఏ ఫారం చేసినా 150 శాతంలో ఉన్న 1080 స్క్రీన్ని, అంటే 1280×720 చోటుని దృష్టిలో పెట్టుకుని గీయడమే నా లెక్క, అంతకంటే పెద్ద స్క్రీన్ ఉంటే మంచిదే.

ఫారం లోడ్ అవ్వగానే స్క్రీన్ సైజు చూసి ప్రతి కంట్రోల్ వెడల్పు, ఎత్తు, ఫాంట్ సైజు గుణించి మార్చే రెడీమేడ్ కోడ్‌లు చాలా తిరుగుతుంటాయి. నాకు అవి నచ్చవు. ఫాంట్ సైజు యాక్సెస్‌లో పూర్ణాంకమే, అది ఒకవైపు గుండ్రంగా మారి, బాక్సు వెడల్పు ఇంకోవైపు సాగి, అక్షరాలకీ పెట్టెకీ పొంతన లేకుండా పోతుంది. ట్యాబ్ కంట్రోల్ (ట్యాబులుగా పేజీలు తిప్పే పెట్టె), సబ్‌ఫారం (ఫారం లోపల ఇంకో ఫారం) ఉన్నచోట ఇంకా ఘోరం. ఒక్క లిస్టు మాత్రమే పెద్ద స్క్రీన్‌లో సాగాలంటే యాంకరింగ్ (విండో పెరిగినప్పుడు బాక్సు ఏ అంచుని పట్టుకుని ఉండాలో చెప్పే సెట్టింగ్) సరిపోతుంది. దాని గొడవ కూడా ఇక్కడే ఉంది, కిందికి వస్తాను.

పూతలపట్టు కాస్తా పూతలపటు

కాటా రూమ్ ఫిర్యాదు వినడానికి చిన్నదే, నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఊరు, మండలం బాక్సుల్లో తెలుగు టైప్ చేస్తే వత్తులు కనిపించడం లేదు. పూతలపట్టులో టవత్తు పోయింది, తవణంపల్లెలో లవత్తు పోయింది, బంగారుపాళ్యంలో యవత్తు సగం తెగింది. కాటా రాసే అమ్మాయి టైప్ చేసింది సరిగ్గానే ఉంది, టేబుల్ తెరిచి చూస్తే వత్తులన్నీ ఉన్నాయి. కానీ ఫారంలో వత్తు కనిపించక ఆమె మళ్ళీ ఒకసారి కొడుతోంది, దాంతో కొన్ని రికార్డుల్లో వత్తు మీద వత్తు పడింది. చూపులో ఉన్న లోపం డేటాలోకి దిగిపోయిందన్నమాట. ఆ రికార్డులు వెతికి సరిచేయడానికే ఎక్కువ సమయం పట్టింది, ఎందుకంటే మండలం పేరు మీద రోజు మొత్తాలు తీసే రిపోర్టులో పూతలపట్టు రెండు వరుసలుగా వస్తోంది.

కారణం ఫాంట్. ఆ బాక్సులన్నిటికీ ఫాంట్ పేరు గౌతమి అని రాసి ఉంది. విండోస్ 7లో గౌతమి దానంతట అదే ఉండేది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఐచ్ఛిక ఫీచర్‌లోకి వెళ్ళిపోయాయి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మెషీన్‌లో అవి లేకపోవచ్చు. ఇక్కడ లేవు. యాక్సెస్ దీని గురించి ఏ ఎర్రర్ మెసేజ్ ఇవ్వదు. ప్రాపర్టీ షీట్‌లో (బాక్సు సెట్టింగ్స్ చూపించే జాబితాలో) గౌతమి అనే పేరు నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది, వెనక విండోస్ మాత్రం ఏదో ఒక ఇంగ్లిష్ ఫాంట్‌ని దాని స్థానంలో కూర్చోబెట్టి, అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి వాటిని నిర్మలా యూఐ అనే ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి గీస్తుంది. లైన్ ఎత్తు లెక్క ఒక ఫాంట్‌ది, గీసిన అక్షరం ఇంకో ఫాంట్‌ది. ఇంగ్లిష్ అక్షరాలకి కింద అంత లోతు అక్కర్లేదు, మన వత్తులకి కావాలి, అక్కడ తెగుతుంది.

అన్ని బాక్సుల ఫాంట్‌ని నిర్మలా యూఐకి మార్చేస్తే పోదా అంటారు. పోతుంది, కానీ నిర్మలా విండోస్ 8తో వచ్చింది, స్టోర్ రూమ్‌లోని విండోస్ 7 మెషీన్‌లో అది లేదు. అక్కడ ఇదే సమస్య తిరగబడి వస్తుంది. పైగా ఇది మెషీన్ వైపు లోపం అని తేలిపోయింది కదా, మెషీన్ దగ్గరే తీర్చాలి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయించాను. దానికి నెట్ కావాలి, కాటా రూమ్‌లో నెట్ లేదు, ఆ అమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్‌తోనే అయిపోయింది. యాక్సెస్ మూసి తెరవగానే వత్తులన్నీ వచ్చేశాయి. బాక్సుల ఎత్తు మాత్రం పనిలో పనిగా 0.23 నుంచి 0.32 అంగుళాలకి పెంచాను, రేపు ఏ ఫాంట్ వచ్చినా కొంచెం ఊపిరాడుతుందని.

ఇక్కడ ఒక పక్క మాట. టెక్స్ట్ బాక్సుకి క్యాన్ గ్రో అని ఒక ప్రాపర్టీ ఉంటుంది, దాన్ని ఎస్ చేస్తే ఫారంలో కూడా బాక్సు అక్షరాలకి తగ్గట్టు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది ప్రింట్‌లో, ప్రింట్ ప్రివ్యూలో మాత్రమే పని చేస్తుంది. ఫారం వ్యూలో, అంటే మామూలుగా ఎంట్రీ చేసే స్క్రీన్‌లో, మనం ఇచ్చిన ఎత్తే ఖాయం. ఆ అమ్మిన మనిషి చాలా బాక్సులకి దాన్ని ఎస్ చేసి వదిలేశాడు, స్క్రీన్ మీద ఏమీ జరగలేదు, చీటీ ప్రింట్ మాత్రం రెండో పేజీకి పాకింది.

పొద్దున ఖాళీ, మధ్యాహ్నం నిండు

అకౌంట్స్ మెషీన్ సంగతి అందరినీ ఎక్కువ టెన్షన్ పెట్టింది. "పొద్దున పూట" అనే ఆ రెండు మాటలే నాకు దారి చూపించాయి. డిస్‌ప్లే సెట్టింగ్‌కి పొద్దు, మాపు తెలియవు. డేటాకి తెలుసు.

యాక్సెస్‌లో ఒక నియమం ఉంది, తెలియకపోతే జుట్టు పీక్కోవాల్సిందే. ఫారం వెనక రికార్డులు సున్నా అయ్యి, కొత్త రికార్డు కలపడానికి కూడా వీల్లేకపోతే, డీటెయిల్ సెక్షన్ మొత్తం ఖాళీగా వస్తుంది. బాక్సులూ ఉండవు, లేబుళ్ళూ ఉండవు, ట్యాబ్ కంట్రోల్ కూడా ఉండదు, ఉత్త తెల్ల కాగితం. హెడర్ మాత్రం కనిపిస్తుంది. చూసేవాడికి లేఅవుట్ ఎగిరిపోయినట్టే ఉంటుంది. చూపించడానికి పాత రికార్డు లేదు, నింపడానికి కొత్త రికార్డు లేదు, ఇంక దేన్ని గీయాలి అని దాని వాదన.

ఈ ఫారం తెరుచుకునేది ఆ రోజు తేదీతో ఫిల్టర్ అయి. పొద్దున మొదటి ట్రాక్టర్ కాటా ఎక్కేవరకు రికార్డులు సున్నా. కాటా రూమ్‌లో కొత్త రికార్డు వస్తుంది కాబట్టి ఖాళీ బాక్సులు కనిపిస్తాయి. అకౌంట్స్‌లో ఎందుకు రావట్లేదు? కింద నావిగేషన్ బార్‌లో కొత్త రికార్డు బాణం మసకబారి ఉంది. డిజైన్‌లో అలౌ అడిషన్స్ నో అని ఉంది, ఫారం లోడ్ అయ్యేటప్పుడు నడిచే వీబీఏ (ఆఫీస్ ప్రోగ్రాముల్లో కోడ్ రాసే భాష) కోడ్ దాన్ని ఎస్ చేస్తుంది, ఏ కంప్యూటర్‌కి అనుమతి ఉందో చూసి. కోడ్ నడిస్తే ఎస్, నడవకపోతే నో. భద్రత దృష్టితో ఆ పాత డెవలపర్ చేసింది మంచి పనే.

కోడ్ నడవడం లేదని దాంతో తేలింది, ఇక ఎందుకు నడవడం లేదన్నది చూడాలి. అకౌంట్స్ కుర్రాడు ఆ ఫైల్‌ని మెయిల్ నుంచి దింపుకున్నాడు. నెట్ నుంచి వచ్చిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు వేస్తుంది. 2022 నుంచి ఆఫీస్ ప్రోగ్రాములు అలాంటి గుర్తున్న ఫైళ్ళలో మాక్రోలని, వీబీఏని ముందే ఆపేస్తున్నాయి, యాక్సెస్ కూడా అందులో ఉంది. పైన ఎర్రటి పట్టీ ఒకటి వస్తుంది. "అది రోజూ వస్తాదన్నా, ఇంటూ కొట్టేస్తా" అన్నాడు. బటన్లు పని చేయడం లేదని అతనికి తెలియనే తెలియదు, ఎందుకంటే అతను బటన్లు నొక్కడు, మధ్యాహ్నం లిస్టు చూసి ట్యాలీలోకి ఎక్కించుకుంటాడు. బయటి కాటా చీటీలు ఎక్కించాల్సిన రోజుల్లో మాత్రమే పొద్దున్నే ఫారం తెరుస్తాడు, అప్పుడు ఖాళీ.

ఫైల్ ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టి, సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి దాన్ని ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్‌గా (కోడ్ నడవనిచ్చే నమ్మకమైన చోటుగా) చేర్చి ఫైల్‌ని అందులో పెట్టాను. అయిపోయింది. ఇందులో లేఅవుట్ అనేది ఎక్కడా లేదు. ఇలాంటప్పుడు డిజైన్ వ్యూ తెరిచి చూస్తే అన్ని బాక్సులూ చక్కగా ఉంటాయి, ఫారం వ్యూకి రాగానే పోతాయి, ఎంతసేపు చూసినా అర్థం కాదు. డీటెయిల్ మొత్తం ఖాళీ అంటే ముందు రికార్డులు లెక్కపెట్టండి, తర్వాత కలపడానికి వీలుందా చూడండి. ఫారానికి రికార్డులు ఏరి ఇచ్చే క్వెరీలో మొత్తాలు తీసే గ్రూపింగ్ చేర్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అలాంటి క్వెరీలో కొత్త రికార్డు కలపడం కుదరదు.

చేత్తో జరిపినవి

మిగిలినవి ఫైల్ వైపు లోపాలు, త్వరగా చెప్తాను.

కాటా రూమ్ కాపీలో ఒక బాక్సుని వెడల్పు చేయబోతే దాని కింద ఉన్నవన్నీ వెడల్పయ్యాయి. కారణం స్టాక్డ్ లేఅవుట్, యాక్సెస్ 2007 నుంచి వచ్చింది. అందులో బాక్సులు ఒక పట్టికలో గళ్ళలా కట్టుబడి ఉంటాయి, ఒక్కటి సాగితే ఆ నిలువు వరుసంతా సాగుతుంది. అరేంజ్ ట్యాబ్‌లో రిమూవ్ లేఅవుట్ కొడితే విడిపోతాయి. అది తెలియక కంప్యూటర్లు అమ్మిన మనిషి అన్నిటినీ కుడివైపుకి లాగాడు, ఒక సన్నటి గీత కూడా వాటితో పాటు కుడి చివరకి వెళ్ళి కూర్చుంది. ఆ గీత ఉన్నంతవరకు ఫారం వెడల్పుని తగ్గించలేం, అది ఎక్కడుంటే అక్కడిదాకా ఫారం ఉండాల్సిందే. కంటికి దొరకని ఇలాంటి వాటిని పట్టడానికి ప్రాపర్టీ షీట్ పైన ఉండే పేర్ల జాబితాలో ఒక్కొక్కటి ఎంచుకుంటూ లెఫ్ట్, విడ్త్ చూడటం మేలు, లేదంటే చిన్న లూప్ రాసి అన్ని కంట్రోళ్ళ పేర్లు, స్థానాలు ఇమీడియట్ విండోలో (కోడ్ ఫలితాలు చూపించే కిటికీలో) అచ్చు వేయించుకోవచ్చు.

బ్రిక్స్ బాక్సు కూడా అతని చలవే. తూకం ట్యాబ్‌లో ఉండాల్సినది చెల్లింపు ట్యాబ్‌లో కూడా కనిపిస్తోంది. ట్యాబ్ కంట్రోల్ మీద పేస్ట్ చేసేటప్పుడు ముందు ఆ పేజీని ఎంచుకోవాలి, లేకపోతే బాక్సు పేజీ లోపలికి వెళ్ళదు, మొత్తం ట్యాబ్ కంట్రోల్ మీద అతికించిన స్టిక్కర్‌లా ఉండిపోతుంది, ఏ పేజీ తిప్పినా అదే కనిపిస్తుంది. కట్ చేసి, తూకం అనే ట్యాబ్ మీద నొక్కి, పేస్ట్ చేస్తే సరిపోయింది. కట్ చేసి అతికించినప్పుడు ఆ బాక్సు వెనక ఉన్న ఈవెంట్ కోడ్‌తో సంబంధం తెగిపోవచ్చు, ప్రాపర్టీ షీట్‌లో ఈవెంట్స్ ఒకసారి సరిచూసుకోవాలి.

చెల్లింపుల ఫారంలో రిమార్క్స్ మాయమవ్వడం 24 అంగుళాల మానిటర్‌లో మాత్రమే జరుగుతోంది. పెద్ద స్క్రీన్‌లో తంటా రావడం వాళ్ళకి వింతగా ఉంది. ఆ ఫారం పూర్తి స్క్రీన్‌లో తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న సబ్‌ఫారంకి వర్టికల్ యాంకర్ బోత్ అని ఉంది, అంటే విండో ఎంత పెరిగితే అది అంత కిందికి సాగుతుంది. దాని కింద ఉన్న రిమార్క్స్ బాక్సుకి మాత్రం యాంకర్ టాప్ అనే ఉంది, అది ఉన్నచోటే ఉంది, సబ్‌ఫారం వచ్చి దాన్ని కప్పేసింది. చిన్న స్క్రీన్‌లో సాగడానికి చోటే లేదు కాబట్టి అన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. రిమార్క్స్ యాంకర్‌ని బాటమ్ చేస్తే రెండూ కలిసి దిగాయి.

ఎర్రబడే లిస్టు కూడా కొత్త మెషీన్లతో వచ్చిన లోపం కాదు, మొదటి నుంచీ ఉన్నదే, పాత మసక మానిటర్‌లో లేత ఎరుపు సరిగ్గా తెలియలేదంతే. వరుసగా రికార్డులు చూపించే ఫారంలో డీటెయిల్‌లోని బాక్సు నిజానికి ఒక్కటే, దాన్నే రికార్డుకొకసారి గీసి చూపిస్తారు. ఒక రికార్డు మీదికి వెళ్ళినప్పుడల్లా నడిచే ఆన్ కరెంట్ ఈవెంట్‌లో కోడ్ రాసి దాని రంగు మార్చితే అన్ని వరుసలూ మారతాయి. వరుసకొక రంగు కావాలంటే కండిషనల్ ఫార్మాటింగ్‌తోనే చేయాలి. ఆ కోడ్ తీసేసి, బాకీ సున్నా కంటే ఎక్కువైతే ఎరుపు అని ఒక్క షరతు పెట్టాను.

ఇవన్నీ సరిచేసింది స్టోర్ రూమ్ నుంచి తెచ్చుకున్న ముట్టని కాపీలోనే. కాటా రూమ్ కాపీని పక్కన పెట్టేశాను, అందులో సరిచేయడం కంటే వదిలేయడమే తేలిక. కొత్త కాపీని ఏసీసీడీఈ అనే ఫైల్ రకంగా మార్చి ఆఫీసు ఫోల్డర్‌లో ఒక్కచోట పెట్టాను, పొద్దున మెషీన్ ఆన్ చేయగానే ఒక చిన్న బ్యాచ్ ఫైల్ దాన్ని ట్రస్టెడ్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. ఏసీసీడీఈలో ఫారం డిజైన్ తెరుచుకోదు, కాబట్టి ఇక ఎవరూ చేత్తో జరపలేరు. ఈ మాట విని కంప్యూటర్లు అమ్మిన మనిషి కొంచెం నొచ్చుకున్నాడు.

ఒక చిక్కు మిగిలింది. కొత్త మెషీన్లలో యాక్సెస్ 64 బిట్‌ది, స్టోర్ రూమ్‌లో ఉన్నది 2010, 32 బిట్‌ది. 64 బిట్‌లో చేసిన ఏసీసీడీఈ 32 బిట్ యాక్సెస్‌లో తెరుచుకోదు. ఆ ఒక్క మెషీన్‌కి మామూలు యాక్సెస్ ఫైల్ (ఏసీసీడీబీ) కాపీ విడిగా ఇచ్చాను, అక్కడ కాయ లెక్క చూడటం తప్ప ఎంట్రీ ఏమీ ఉండదు కాబట్టి నడిచిపోతోంది. మేనేజర్ మాత్రం తన ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ ఒకటి తగిలించాలంటున్నాడు. ల్యాప్‌టాప్ 150, మానిటర్ 100 ఉంటే ఫారం ఒకదాని నుంచి ఇంకోదానికి లాగినప్పుడు అక్షరాలు మసకబారే అవకాశం ఉంది, అప్పుడు యాక్సెస్ ఆప్షన్స్‌లో డిస్‌ప్లేకి సంబంధించిన కంపాటిబిలిటీ ఎంపిక పెట్టి చూడమని, లేదంటే రెండింటికీ ఒకే స్కేలింగ్ పెట్టుకోమని చెప్పి వచ్చాను.